త్వరగా మెలకువా, వాతావరణమా?

ప్రశ్న: డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు వాయువుతో రోగి త్వరగా తేరుకుంటాడు కదా, వాతావరణం పేరుతో మానేయడం సబబేనా?

జవాబు: చాలా ఆపరేషన్లలో సబబే. నూరేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 2,500 రెట్లు వేడి పెంచుతుంది. మరో మత్తు వాయువు సెవోఫ్లూరేన్ (సెవో) 200 రెట్ల లోపే. పైగా డెస్‌ఫ్లూరేన్ 6 శాతం పెట్టాల్సిన చోట సెవో 2 శాతం చాలు. మెలకువలో తేడా సాధారణంగా కొద్ది నిమిషాలే. స్థూలకాయులకు, సుదీర్ఘ సర్జరీలకు మేలు కాస్త ఎక్కువన్నది నిజమే, కానీ అక్కడా నరంలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపోఫాల్ ఉంది. స్కాట్లాండ్ 2023లోనే డెస్‌ఫ్లూరేన్ వాడకం ఆపేసింది.

సెవో అయినా ధారాళంగా వదిలితే వృథాయే. ట్యూబ్ వేసి, మత్తు స్థిరపడ్డాక తాజా వాయు ప్రవాహాన్ని నిమిషానికి లీటరు లోపుకు దించండి. అప్పుడు వేపరైజర్ (మత్తు ఆవిరిని కలిపే పరికరం) డయల్‌ను నమ్మొద్దు. మానిటర్‌లో నిశ్వాసలోని మత్తు శాతం, ఆక్సిజన్ చూడండి. శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ చూపే క్యాప్నోగ్రాఫ్ గీత సున్నాకు దిగడం లేదంటే ఆ వాయువును పీల్చేసే సోడాలైమ్ అయిపోయి ఉండొచ్చు: ప్రవాహం పెంచి, డబ్బా మార్చండి.