రాత్రి అన్నం మానకు బిడ్డా

బిడ్డా,

నిన్న కానిస్టేబుల్ పరుగు ప్రాక్టీసులో నాలుగో రౌండ్‌కే కళ్ళు తిరిగి కూలబడ్డావని మీ అమ్మ చెప్పింది. ఫోన్ చేస్తే "సరే పెద్దనాన్నా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

బరువు తగ్గితే వేగం పెరుగుతుందని రాత్రి అన్నం మానేశావట. పొద్దున ఐదింటికి ఉరికే కాళ్ళు రాత్రి తిన్నదాంతోనే కదులుతాయి. ఎనిమిదిలోపు పప్పన్నం కడుపునిండా తిను. లేవగానే గ్లాసు నీళ్ళు, ఒక అరటిపండు. అరగంటాగి వార్మప్ మొదలుపెట్టు. సాయంత్రం ప్రాక్టీసుంటే మాత్రం మధ్యాహ్న భోజనానికీ పరుగుకూ మధ్య మూడు గంటలు ఉండాలి. ఆ పూట మిర్చి బజ్జీల జోలికి పోకు, నూనె సరుకు కడుపులోంచి ఓ పట్టాన కదలదు.

నేను చేసిన ఘనకార్యం విను. డిగ్రీలో 5000 మీటర్ల పోటీకి ముందు, బలం వస్తుందని ఎవరో చెబితే, గ్లూకోజ్ పొడి అర డబ్బా చెంబెడు నీళ్ళలో కలిపి గటగటా తాగేశా. మూడో రౌండ్‌కు కడుపులో గుడగుడ, ఐదో రౌండ్‌కు ట్రాక్ పక్కన వాంతులు. నా వెనకున్నవాడు జాలిగా చూస్తూ దాటిపోయాడు. ఓడినదానికంటే ఆ చూపే ఎక్కువ బాధపెట్టింది.

గంటలోపు ప్రాక్టీసుకు మామూలు నీళ్ళు చాలు. ఎండలో గంట దాటితే లీటరు నీళ్ళలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి, నిమ్మకాయ పిండుకుని కొద్దికొద్దిగా తాగు. ఒకరోజు గ్రౌండ్‌కు పోయే ముందు, వచ్చాక బరువు చూసుకో. అరకిలో తగ్గిందనుకో, కొవ్వు కరిగిందని మురిసిపోకు. అది చెమట. వడ్డీతో కలిపి ముప్పావు లీటరు నీళ్ళు బాకీ ఉన్నట్టు. ఒక్క గుక్కలో కాదు, రెండు మూడు గంటల్లో తీర్చు.

వచ్చిన గంటలోపు ఇడ్లీలైనా, అన్నమైనా తిను. దాంతోపాటు రెండు ఉడికించిన గుడ్లు, గ్లాసు పాలు. గుడ్డుకు సుమారు 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, నీకు పొడి డబ్బాలు అక్కర్లేదు. అక్కడ కుర్రాళ్ళు పచ్చిగుడ్లు మింగుతుంటారు, చూసి మోసపోకు. ఉడికిన గుడ్డే ఒంటికి బాగా పడుతుంది, పచ్చిదానితో విరేచనాలు పట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

ఇంకోటి, తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానెయ్. ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. ఏదేమైనా ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించు. ఆడపిల్లల్లో రక్తం తక్కువై కళ్ళు తిరగడం నేను గ్రౌండ్‌లో చాలాసార్లు చూశా.

2022 తెలంగాణ కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ఆడపిల్లలకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు ఇచ్చారు. నువ్వు అందుకోలేనిదేం కాదు. కానీ ఈవెంట్స్ రోజు, అంటే ఆ శారీరక పరీక్షల రోజు, ఎవరేమిచ్చినా కొత్తది నోట్లో పెట్టకు. రోజూ తినే అరటిపండే ఆ రోజు కూడా.

ఆదివారం వస్తున్నా. స్టాప్‌వాచ్ నేను తెస్తా, పండ్లు నువ్వు తెచ్చిపెట్టు.

మీ పెద్దనాన్న