పోలండ్ రాజుల్లో నా ఓటు ఒక ఆడపిల్లకు

ప్రశ్న: పోలండ్ రాజుల్లో అందరికన్నా గొప్పవాడు ఎవరు? సోబియెస్కీనేనా?

క్రాకోలో ఐదేళ్లు ఉద్యోగం చేశాను కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నా. మీరన్నట్టు అక్కడ ఎవరిని కదిపినా సోబియెస్కీ పేరే. 1683లో వియన్నాను చుట్టుముట్టిన తురుష్క సైన్యం మీదికి కొండ మీంచి గుర్రాలతో దూకిన వీరుడు. రెక్కలు కట్టుకున్న ఆయన రౌతుల బొమ్మలు ఫ్రిజ్ అయస్కాంతాల మీద కూడా అమ్ముతారు. ఈ మధ్య యూట్యూబ్ నిండా అవే. కత్తి పట్టినోడే రాజు అనుకునే జబ్బు మనకూ ఉంది లెండి.

నా ఓటు మాత్రం యాద్విగకు. ఆవిడ రాణి కదా అంటారేమో. కాదు, రాజే!

మా బాపు హన్మకొండలో సోషల్ సారుగా చేసి రిటైరయ్యాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు వావెల్ కొండ మీది పెద్ద చర్చికి తీసుకెళ్లాను. పోలండ్ రాజుల్లో చాలామంది సమాధులు అక్కడే. కాళ్లు నొప్పులని అరగంట నుంచి సణుగుతున్న మనిషి, తెల్ల పాలరాతి సమాధి ముందు ఆగిపోయాడు. పైన నిద్రపోతున్నట్టు చెక్కిన అమ్మాయి, కాళ్ల దగ్గర కుక్క. "ఎవర్రా గీ పిల్ల?" అన్నాడు. 1384లో పదేళ్ల వయసులో పట్టం కట్టారు, వట్టి రాజు భార్య అనుకోకుండా లాటిన్‌లో 'రాజు' అనే బిరుదే ఇచ్చారు అని చెప్పాను. బాపు ముఖం వెలిగిపోయింది. "మన రుద్రమ లెక్కనే! శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అనే గద ఉన్నది" అని అక్కడే పాఠం మొదలుపెట్టాడు. వెనకాల జనం ఆగిపోయినా పట్టించుకోలేదు.

పక్కన అద్దాల పెట్టెలో ఆవిడ సమాధిలో దొరికిన రాజదండం ఉంది. చెక్కది. "బంగారం ఏమైందిరా?" అంటే, నగలన్నీ చదువుకు రాసిచ్చిందట అన్నాను. 1364లో కాజిమీర్ రాజు క్రాకోలో పెట్టిన విశ్వవిద్యాలయం ఆయన పోయాక మూలపడింది. 1399లో పురిటి తర్వాత పాతికేళ్లకే చనిపోతూ యాద్విగ తన నగలు దానికి ఇచ్చింది, మరుసటేడే అది మళ్లీ లేచింది. తర్వాత కోపర్నికస్ చదివింది అక్కడే. వియన్నా కన్నా ఇదే పెద్ద గెలుపు అంటాను, ఎవరేమన్నా సరే.

పెళ్లి సంగతీ చూడండి. ఆస్ట్రియా రాకుమారుడితో చిన్నప్పుడే కుదిరిన సంబంధం పోలండ్ దొరలు చెడగొట్టి, 1386లో తనకన్నా ఎంతో పెద్దవాడైన లిథువేనియా పాలకుడు యాగియెల్లోకు కట్టబెట్టారు. రెండు దేశాలనూ కలిపిన ఆ పెళ్లే లేకపోతే 1410లో గ్రున్వాల్డ్ యుద్ధంలో ట్యుటానిక్ యోధులు (జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) అలా మట్టికరిచేవాళ్లు కాదు. పేరు మాత్రం మొగుడికి వచ్చింది.

అసలు పోలండ్‌ను ముంచింది ఆ దొరలే. 1572లో యాగియెల్లో వంశం ఆగిపోయాక రాజును ఎన్నుకుంటామన్నారు, వినడానికి ఎంత బాగుందో! మొదట గెలిపించిన ఫ్రెంచి హెన్రీ, ఫ్రాన్స్ రాజైన అన్న చనిపోయాడని తెలియగానే 1574లో రాత్రికి రాత్రి పారిస్ దారి పట్టాడు. తర్వాత్తర్వాత సభలో ఒక్కడు లేచి 'ఒప్పుకోను' అంటే చాలు, చట్టాలన్నీ చెత్తబుట్టకే. అలాంటి దేశానికి సోబియెస్కీ గెలిచి ఏం లాభం? 1795కల్లా పటంలోనే లేకుండా పోయింది.

బాపుకు యాద్విగ అనే పేరు నోరు తిరగలేదు. ఇంటికెళ్లాక అందరికీ 'యాదమ్మ' అనే చెబుతున్నాడు. లోపల ఫోటోలు తీయొద్దంటే ఫోన్ జేబులోంచి తియ్యలేదు నేను. ఫోన్ చేసినప్పుడల్లా ఇప్పటికీ అదే తిట్టు: "యాదమ్మ ఫోటో ఒక్కటన్న గుంజకపోతివిరా."