సర్పంచ్ నేను, డిజిటల్ కీ మా ఆయన దగ్గర: బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక గ్రామం. మహిళా రిజర్వేషన్‌లో సర్పంచ్‌గా గెలిచాను. నా డిజిటల్ కీ (పంచాయతీ బిల్లుల చెల్లింపుకు ఎలక్ట్రానిక్ సంతకం పెట్టే పరికరం), దాని పిన్ మొదటి నుంచీ మా ఆయన దగ్గరే. సమావేశాలకూ ఆయనే వెళ్తారు, మినిట్స్ పుస్తకం ఇంటికి తెచ్చి సంతకం పెట్టిస్తారు. ఇప్పుడు సైడు కాలువ బిల్లు మీద ఎవరో ఆర్టీఐ వేశారు. ఆ బిల్లు సంగతే నాకు తెలియదు. నా మీద చర్య ఉంటుందా? వచ్చేసారి మా ఊరు జనరల్ అయితే నేను మళ్ళీ నిలబడొచ్చా?

జవాబు: తేడా తేలితే ముందు అడిగేది మిమ్మల్నేనమ్మా. పంచాయతీరాజ్ చట్టం, 1994లో సర్పంచ్ భర్తకు ఏ హోదా లేదు. ఫ్లెక్సీలో ఆయన ఫొటో మీ ఫొటో కంటే పెద్దదిగా ఉన్నా సరే!

అసలు చిక్కు కీతోనే. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 42వ సెక్షన్ ప్రకారం కీని భద్రంగా ఉంచుకోవడం ఎవరి పేరున ఉంటే వారి పని. చేజారితే, దాన్ని జారీ చేసిన సంస్థకు వెంటనే చెప్పాలి. చెప్పేదాకా బాధ్యత తప్పదు. కాబట్టి ‘నాకు తెలియదు’ అంటే ఆడిట్‌లో నిలవదు. అధికార దుర్వినియోగం జరిగిందని తేలితే పంచాయతీరాజ్ చట్టంలోని 249వ సెక్షన్ కింద కలెక్టర్ పదవి నుంచి తొలగించవచ్చు. అంతకుముందు మీ సంజాయిషీ మాత్రం వినాలి.

ఆ సంజాయిషీకి బలం ఇప్పుడే కూడగట్టుకోండి. కీ తీసుకుని పిన్ మార్చండి. ఆయన ఇవ్వనంటే రద్దు చేయమని రాసి, నకలు ఎంపీడీఓకు, జిల్లా పంచాయతీ అధికారికి ఇచ్చి రసీదు పుచ్చుకోండి. కాలువ ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు సెక్రటరీని రాతపూర్వకంగా అడగండి. అందులో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) రాసిన కొలతలు పట్టుకుని మీరే వెళ్ళి టేపు పెట్టించండి. ఇకపై సమావేశానికి మీరే వెళ్ళి, సంతకం అక్కడే పెట్టండి.

మీవారి మీద కేసు పెట్టమని నేను చెప్పను. ఒకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్న మాట నిజమే. కానీ కీ మీరే ఇచ్చారు కనుక మోసం రుజువు చేయడం కష్టం. ఈ సెక్షన్ ఒకసారి ఆయనకు చదివి వినిపించండి, కీ త్వరగానే తిరిగొస్తుందని నా నమ్మకం.

ఇక రెండో సందేహం. జనరల్ అంటే మగవాళ్ళ సీటు కాదు, నిక్షేపంగా నిలబడొచ్చు. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలకు ప్రత్యేకించారు, మిగతా సగంలోకి రావద్దని ఎక్కడా లేదు. ఒక్కటే జాగ్రత్త: కాలువ బిల్లు మీద మీకు సర్‌చార్జ్ (పంచాయతీకి జరిగిన నష్టాన్ని మీ నుంచి వసూలు చేసే) నోటీసు వచ్చి, గడువులోగా కట్టకపోతే ఆ బకాయితోనే అనర్హత రావచ్చు. నోటీసు వస్తే అది మీ చేతికే అందేలా చూసుకోండి.