సర్వర్ పోతే ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ బిగుసుకుపోతోంది, సాఫ్ట్ పెట్టి టైమియో తగ్గించనా?

వద్దండీ. ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే సర్వర్‌లోని ఫోల్డర్‌ను నెట్‌వర్క్ మీదుగా మన మెషీన్‌కు తగిలించుకుని (మౌంట్ చేసి) వాడుకునే పద్ధతి. టైమియో అంటే సర్వర్ జవాబు కోసం ఆగే గడువు. గడువులన్నీ దాటితే సాఫ్ట్ మౌంట్ ఎర్రర్ ఇచ్చి వదిలేస్తుంది, హార్డ్ మౌంట్ సర్వర్ వచ్చేదాకా ఆగుతుంది. సర్వర్ రీబూట్ అయిన ప్రతిసారీ క్లయింట్‌లో (ఆ ఫోల్డర్‌ను వాడే మెషీన్‌లో) డీఎఫ్ (డిస్కుల్లో ఖాళీ ఎంతో చూపే కమాండ్) కొట్టగానే టెర్మినల్ ఆగిపోతోందని, సాఫ్ట్ పెట్టి టైమియో 10 చేస్తానని అంటున్నారు. కొన్నేళ్ల కిందట నేనూ సరిగ్గా ఇదే చేశాను.

అప్పట్లో చిన్న ఆఫీసు, ఒక స్టోరేజ్ సర్వర్, ఐదారు లైనక్స్ మెషీన్లు. ఏదో పాత వ్యాసంలో చూసి సాఫ్ట్, టైమియో 14, రీట్రాన్స్ (ఎన్నిసార్లు మళ్లీ పంపాలో చెప్పే అంకె) 2 అని ఎఫ్‌స్టాబ్‌లో (మౌంట్ల వివరాలుండే ఫైల్‌లో) రాసేశాను. టైమియో లెక్క సెకన్లలో కాదు, సెకనులో పదో వంతుల్లో. 14 అంటే 1.4 సెకన్లు. అది ఎన్‌ఎఫ్‌ఎస్ యూడీపీ అనే పాత నెట్‌వర్క్ పద్ధతి మీద నడిచిన కాలం నాటి అంకె. ఇప్పుడు వాడే టీసీపీకి డిఫాల్ట్ 600, అంటే నిమిషం. మళ్లీ పంపిన ప్రతిసారీ గడువు ఇంకో టైమియో అంత పెరుగుతుంది (యూడీపీలో అయితే రెట్టింపవుతూ పోయేది). సాఫ్ట్ పెట్టినా, టైమియో, రీట్రాన్స్ డిఫాల్ట్‌లో ఉంటే క్లయింట్ సుమారు మూడు నిమిషాలు ఓపిక పడుతుంది. నా విలువలతో నాలుగు సెకన్లకే చేతులెత్తేసింది.

మూడు వారాలు ఏమీ తెలియలేదు. ఒకరోజు బ్యాకప్‌లోంచి ఫోల్డర్ ఒకటి తీయబోతే టార్ ఫైల్ (ఫైళ్లన్నీ ఒకటిగా కట్టిన మూట) సగంలోనే అయిపోయింది. లాగ్ తిరగేస్తే ఆ బ్యాకప్ నడిచిన రాత్రి రెండింటికి 'సర్వర్ నాట్ రెస్పాండింగ్, టైమ్డ్ అవుట్' అని ఉంది. నిజానికి సర్వర్ పోలేదు, డిస్కుల చెకింగ్ నడుస్తూ నెమ్మదించింది, అంతే. హార్డ్ మౌంట్ అయితే ఆగి, మళ్లీ రాసేది. సాఫ్ట్ కాబట్టి ఐ/ఓ ఎర్రర్ ఇచ్చి వదిలేసింది. ఆ ఎర్రర్‌ను స్క్రిప్ట్‌లో డెవ్ నల్‌కు (ఏది పంపినా మాయమయ్యే చోటుకు) పంపింది నేనే లెండి. పైగా అసలే ఆయాసపడుతున్న సర్వర్‌కు వెంటవెంటనే అదే రిక్వెస్ట్ మళ్లీ పంపడమంటే గోరుచుట్టు మీద రోకటిపోటు.

కాబట్టి హార్డ్, టైమియో 600, రీట్రాన్స్ 2 అలాగే ఉంచండి. ఇప్పుడు నిజంగా ఏ విలువలు నడుస్తున్నాయో /ప్రాక్/మౌంట్స్‌లో కనిపిస్తుంది. మార్చాలంటే రీమౌంట్ చాలదు, అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ లెక్కలు చూపే ఎన్‌ఎఫ్‌ఎస్‌స్టాట్ కమాండ్‌లో క్లయింట్ వైపు రీట్రాన్స్ అంకె పెరుగుతూ పోతుంటే టైమియో జోలికి పోకుండా నెట్‌వర్క్‌నో సర్వర్ డిస్కులనో చూడండి. కేవలం చదవడానికే వాడే మౌంట్ అయితే సాఫ్ట్ పెట్టినా అంత ప్రమాదం లేదు.

డీఎఫ్ బాధకు మందు వేరే ఉంది. మానిటరింగ్ స్క్రిప్టుల్లో డీఎఫ్‌కు మైనస్ ఎల్ తగిలించండి, లోకల్ డిస్కులనే చూస్తుంది. ఇరుక్కున్న ప్రాసెస్‌ను కిల్ మైనస్ 9తో చంపొచ్చు, కెర్నల్ 2.6.25 నుంచి ఆ వీలుంది. ఇరుక్కున్న పనిని మధ్యలో ఆపనిచ్చే ఇంటర్ (intr) ఆప్షన్ అప్పటినుంచి ఉత్తుత్తిదే.

ఇంకొకటి. మీది ఎన్‌ఎఫ్‌ఎస్ వెర్షన్ 4 అయితే సర్వర్ లేచాక కూడా ఫైళ్లు తెరుచుకోవడానికి 90 సెకన్ల వరకు పట్టొచ్చు. అంతకుముందు వాడుతున్న క్లయింట్లు ఫైళ్ల మీద తమ లాకులు తిరిగి తీసుకోవడానికి సర్వర్ ఇచ్చే గడువది. నేను టెన్షన్‌లో 'ఇంకా రాలేదే' అని సర్వీస్‌ను మళ్లీ రీస్టార్ట్ చేశాను, గడువు మొదటికొచ్చింది. అలా రెండుసార్లు.