ఫీజు పేజీ తెరుచుకోలేదని బిడ్డ కోర్సు మార్చొద్దు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బిడ్డ ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఒక ఎంట్రన్స్‌కు ల్యాప్‌టాప్‌లో తనే దరఖాస్తు నింపింది. ఫీజు బటన్ నొక్కితే ఏమీ రాలేదు. నాలుగైదు సార్లు నొక్కినా అంతే. ఏడుపు ఒక్కటే తక్కువ. నెట్ సెంటర్ అతను పాపప్ బ్లాకర్ మొత్తం తీసేయమన్నాడు. తీసేసి కట్టాం. ఇప్పుడు ఏ సైట్ తెరిచినా ప్రకటనల గోల. చిన్న పేజీ తెరవడమే చేతకాని పిల్ల డిగ్రీలో కంప్యూటర్లు ఏం చదువుతుంది? బీకాంలో వేయమంటారా?

జవాబు: మీ ఆఖరి మాటకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే నన్ను ఇబ్బంది పెట్టింది అదే. మీ బిడ్డకు చేతకాక ఆ పేజీ ఆగలేదు. బ్రౌజర్ తన పని తాను చేసింది, అంతే. బీకాం మంచి చదువే, ఇష్టపడితే చేరనివ్వండి. కానీ ఈ కారణంతో మాత్రం వద్దు.

అసలు జరిగింది ఇది. 1990ల చివర్లో ప్రకటనల కోసం దానంతటదే తెరుచుకునే చిన్న కిటికీలు, అంటే పాపప్‌లు, మొదలయ్యాయి. వాటిని తెరిచే కోడ్ రాసినవాళ్లలో ఒకరైన అమెరికన్ ఈథన్ జకర్‌మన్ 2014లో క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. వాటి పోరు పడలేక బ్రౌజర్లు పాపప్ బ్లాకర్ అనే కాపలా పెట్టాయి. కొత్త కిటికీ మన వేలు నొక్కినందుకు వస్తోందా, తనంతట తానే దూరుతోందా అని ఆ కాపలా చూస్తుంది. మనం నొక్కితే రానిస్తుంది. చిక్కల్లా ఆలస్యంతోనే. ఫీజు బటన్ నొక్కాక వివరాలు సర్వర్‌కు వెళ్లి, సరిచూసుకుని, ఆ తర్వాత చెల్లింపు పేజీ తెరుచుకునేలా కొన్ని సైట్లు ఉంటాయి. నొక్కిన తర్వాత క్రోమ్ బ్రౌజర్ దాదాపు 5 సెకన్లే ఆగుతుంది. సిగ్నల్ మందంగా ఉండి జవాబు ఆ తర్వాత వస్తే, ఇది పిలవని పేరంటమని ఆపేస్తుంది. నల్లగొండ టౌన్‌లో ఇట్టే తెరుచుకున్న పేజీ మీ ఊళ్లో మొరాయించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

నెట్ సెంటర్ అతని సలహా ఎలా ఉందంటే, ఇంటి ముందు కుక్క చుట్టాన్ని చూసి మొరిగిందని కుక్కను తీసుకెళ్లి అడవిలో వదిలొచ్చినట్టు. చుట్టం వస్తే మనమే వాకిట్లోకి పోయి ‘మనోళ్లే’ అంటాం కదా, ఇక్కడా అంతే చేయాలి. క్రోమ్‌లో పాపప్ ఆగినప్పుడు పైన అడ్రస్ రాసే పట్టీకి కుడి చివర చిన్న కిటికీ బొమ్మ కనిపిస్తుంది. దాన్ని నొక్కి, ఈ సైట్‌కు ఎప్పుడూ అనుమతించు అన్న అర్థం వచ్చే మాటను ఎంచుకోవాలి. ఫోన్‌లోనైతే ఇలాంటి సూచన స్క్రీన్ మీదే వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ పైన ఒక పట్టీ వస్తుంది, అనుమతించే బటన్ అందులోనే ఉంటుంది. ఆ బొమ్మ కంటపడకపోతే సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో పాపప్స్ అండ్ రీడైరెక్ట్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా అక్కడుంటుంది, మీ సైట్ అడ్రస్ చేర్చండి. మీరు తీసేసిన కాపలాను మళ్లీ పెట్టాల్సింది కూడా అక్కడే. ఈ రోజే పెట్టండి.

ఇక్కడే చాలామంది తడబడతారు. అనుమతి ఇవ్వాల్సింది బ్యాంకు పేజీకి కాదు, దాన్ని తెరిచే దరఖాస్తు సైట్‌కు. అనుమతి ఇచ్చినా పేజీ రాకపోతే, ల్యాప్‌టాప్‌లో ఎవరో ఎప్పుడో వేసిన, ప్రకటనలను ఆపే యాడ్ బ్లాకర్ ఉందేమో చూడండి. అది రెండో కాపలా, దానికి విడిగా చెప్పుకోవాలి. ఆ ఒక్క సైట్‌లో దాన్ని ఆపే బటన్ దాని బొమ్మ మీద నొక్కితే కనిపిస్తుంది. పేజీని మళ్లీ లోడ్ చేసే ముందు దరఖాస్తు సేవ్ చేసుకోండి, లేకపోతే నింపిందంతా పోవచ్చు.

ఎవరికి పడితే వారికి అనుమతి ఇవ్వొద్దు. అడ్రస్ చివర జీఓవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్, ఏసీ డాట్ ఇన్ లాంటివి ఉన్నాయా, పరీక్ష ప్రకటనలో ఇచ్చిన అడ్రస్ అక్షరం పొల్లు పోకుండా అదేనా చూసుకున్నాకే. ఇంకో సంగతి. రిజల్ట్స్ రోజుల్లో కొన్ని ప్రైవేటు సైట్లు మార్కులు చూపించే ముందు నోటిఫికేషన్లకు ‘అలో’ నొక్కమంటాయి. అది పాపప్ అనుమతి కాదు. అది నొక్కితే సైట్ మూసేశాక కూడా ప్రకటనలు వస్తూనే ఉంటాయి. మీ ఇంట్లో గోల సగం దీనివల్లే అని నా అనుమానం. అదే సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ అన్న చోట తెలియని పేర్లన్నీ తీసేయండి.

మీ బిడ్డ చేసిన ఒకే ఒక్క పొరపాటు బటన్‌ను నాలుగైదు సార్లు నొక్కడం. ఈసారి బయటపడ్డారు, కానీ ఒక్కోసారి రెండుసార్లు డబ్బు పోతుంది. ఖాతాలో డబ్బు కట్ అయి రసీదు రాకపోతే వెంటనే మళ్లీ కట్టొద్దు. ముందు సైట్‌లో పేమెంట్ స్టేటస్ చూడాలి. యూపీఐలో కట్ అయి అవతలివాళ్లకు ధ్రువీకరణ అందకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో డబ్బు వెనక్కి రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2019 నుంచే ఉంది. అది దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆఖరి రోజు దాకా ఆగొద్దని నేను ప్రతి ఏడూ నెత్తీనోరూ కొట్టుకునేది ఇందుకే.

ఇక కోర్సు. తనది ఎంపీసీ, అంటే లెక్కల దారి తెరిచే ఉంది. బీఎస్సీలో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే తర్వాత ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, కంప్యూటర్లలో పీజీ అయిన ఎంసీఏకు వెళ్లొచ్చు. నల్లగొండలోనే నాగార్జున ప్రభుత్వ కళాశాల ఉంది, మహిళా డిగ్రీ కళాశాల ఉంది. కోర్సు గురించి తనను ఒక్క మాట అడిగారా? ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. పేజీ రాకపోతే ఎందుకు రాలేదో కనుక్కోవాలని తనకు అనిపించిందా, విసుగొచ్చి వదిలేయాలనిపించిందా అడగండి. మార్కుల మెమో కంటే ఆ జవాబు నాకు ఎక్కువ చెప్తుంది.

డిగ్రీ సీట్లకు దోస్త్‌లో, అంటే తెలంగాణ డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ సైట్‌లో, రిజిస్ట్రేషన్ చేయాలి. మొదటి విడతలో ఫీజు 200 రూపాయలు. ఆధార్‌కు మొబైల్ నంబర్ లింకయి ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, మన దగ్గర సగం కష్టాలు అక్కడే మొదలవుతాయి. ఆ రోజు నెట్ సెంటర్‌కు పోకుండా ఇంట్లోనే, ఆ ల్యాప్‌టాప్‌లోనే తనను నింపనివ్వండి. మీరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, మీ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెప్పండి చాలు.