నొచ్చుకున్నారా, నొప్పించామా?

సందేహం: నలుగురం కూర్చున్నచోట స్నేహితురాలి కూతురిని చూసి ‘నీగ్రో జుట్టులా భలే ఉందే’ అన్నాను. ఆ పాప తండ్రి ఆఫ్రికా సంతతివారు. తర్వాత ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఆ మాట తమను బాధపెట్టిందని చెప్పింది. వెంటనే ‘మీరు నొచ్చుకుని ఉంటే క్షమించండి, నా ఉద్దేశం అది కాదు’ అన్నాను. దాంతో ఆవిడ ఇంకా చిన్నబుచ్చుకుంది. నా వాక్యంలో దోషం ఏమిటి? ‘నొప్పించి ఉంటే’ అనాల్సిందా? ‘నీగ్రో’ అనే పదం మన పాత పుస్తకాల్లో ఉన్నదే కదా? అలాగే, ఇలాంటి మాటను జాతివివక్ష అనాలా, వర్ణవివక్ష అనాలా?
– ఒక పాఠకుడు

సమాధానం: వ్యాకరణం ప్రకారం మీ వాక్యంలో దోషం లేదు. చేదర్థకం, అంటే షరతును తెలిపే ‘ఉంటే’, సరిగ్గానే పడింది. చిక్కల్లా అది పడిన సందర్భంలో ఉంది. ఆవిడ బాధ కలిగిందని తన నోటితో చెప్పిన తర్వాత ‘ఉంటే’ అన్నారు. జరిగిందో లేదో తెలియనప్పుడు వాడేది ‘ఉంటే’. సభ ముగిశాక వక్త ‘పొరపాటు మాట దొర్లి ఉంటే మన్నించండి’ అనడం మర్యాద, ఎందుకంటే ఎవరికి ఏది గుచ్చుకుందో ఆయనకు తెలియదు. మీకు తెలుసు. తెలిసీ ‘ఉంటే’ అనడం ఆవిడ మాటను నమ్మలేదని చెప్పినట్టే అయింది.

ఇక నొచ్చుకొను, నొప్పించు. వీటి దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది.

నొవ్వు, నొచ్చు, నొప్పి, నొగులు – ఇవన్నీ ఒకే ధాతువు పిల్లలు. తమిళంలో జబ్బును నోయ్ అంటారు, కన్నడంలో నొప్పిని నోవు అంటారు. (నోము, నోచు వీటికి చుట్టాలు కావు. వాటి ధాతువు వేరు.) తలకు వచ్చేదీ నొప్పే, మాట పడి మనసు పడేదీ నొప్పే. ఒంటి బాధకొక మాట, మనసు బాధకు అంతకంటే తేలికైన మాట అని మన పూర్వులు విడదీయలేదు. ‘మాటే కదా, అంత పట్టించుకోవాలా?’ అనేవాళ్లు తెలుగు ధాతువును ఒకసారి తలచుకోవాలి.

ఈ ధాతువు రెండు రూపాలనూ పక్కపక్కన నిలబెట్టిన పద్యం ఒకటుంది. బద్దెనదని చెప్పే సుమతీ శతకంలోది, మీకు నోటికి వచ్చే ఉంటుంది.

ఎప్పటికెయ్యది ప్రస్తుత
మప్పటికా మాటలాడి యన్యుల మనముల్
నొప్పింపక తానొవ్వక
తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ

ఈ పద్యానికి మనవాళ్లు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. మొదటి మూడు పాదాలు వదిలేసి, ‘తప్పించుక తిరుగువాడు’ అన్న ఒక్క ముక్క పట్టుకుని, బాధ్యత నుంచి జారుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకుంటున్నారు. పద్యం నడక చూడండి. ముందు వచ్చింది ‘నొప్పింపక’. ఎవరిని? అన్యులను. మనవాళ్లను అనలేదు, పెద్దలను అనలేదు. మనకంటే వేరైన ప్రతివారూ అందులోకి వస్తారు. ఇందులో నొప్పించేవాడే కర్త, కాబట్టి బరువు మాట్లాడినవాడి మీద ఉంది. ఆ తర్వాతే ‘తానొవ్వక’.

ఈ ‘తానొవ్వక’ మీలాంటి సందర్భానికి ఎంత పనికొస్తుందో చెప్పలేను. ‘నీ మాట జాతిని కించపరిచింది’ అని ఎవరైనా అనగానే మనలో చాలామంది చేసే మొదటి పని తాము నొచ్చుకోవడం. ‘నన్ను అంత చెడ్డవాణ్ని అనుకున్నావా?’, ‘నాకు ఆఫ్రికా స్నేహితులు ఉన్నారు తెలుసా?’ అని మొదలుపెడతారు. క్షణంలో గాయపడినవారే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆవిడ మాట్లాడింది మీరన్న మాట గురించి, మీ గుణం గురించి కాదు. పద్యకర్త ఉద్దేశం సరిగ్గా ఇదేనని నేను వాదించను. కానీ పద్యం ఈ అర్థాన్ని మోయగలదని గట్టిగా నమ్ముతాను.

నొచ్చుకొనులోని ‘కొను’ నింద మోపుతుందని కూడా అనను. ‘నేను నొచ్చుకున్నాను’ అని ఆవిడ అంటే అది చక్కని తెలుగు. మీరు ‘మీరు నొచ్చుకుని ఉంటే’ అన్నప్పుడే కర్త స్థానంలోకి ఆవిడ వచ్చి కూర్చుంది, మీరు వాక్యంలోంచి తప్పుకున్నారు. ‘మీరు అపార్థం చేసుకున్నారు’ అన్నదీ ఇదే బాపతు. ‘నొప్పించి ఉంటే’ అని ఉంటే సగం బాగుపడేది. కర్త తిరిగి వచ్చేవాడు, ‘ఉంటే’ మాత్రం అలాగే ఉండేది.

ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి అంటిందో చెప్పనా? నాయకుల ప్రకటనల నుంచి. ‘ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే చింతిస్తున్నాను.’ కొట్టినవాడు కనిపించడు, మనోభావాలు వాటంతట అవే దెబ్బతింటాయి. మర్నాడు ‘నా మాటలను వక్రీకరించారు’ అని ఇంకొకటి. పత్రికలు దీన్ని ‘క్షమాపణ’ అని శీర్షిక పెట్టి అచ్చు వేస్తాయి. ఈ వాక్యాలు రోజూ వినీ వినీ మంచి మనుషులు కూడా సొంత స్నేహితుల దగ్గర ఇలాగే మాట్లాడుతున్నారు. అదే నా బాధ.

‘నా ఉద్దేశం అది కాదు’ అన్నది నిజమే కావచ్చు. ఉద్యోగపర్వంలో విదురుడి చేత తిక్కన ‘తనువున విరిగిన యలుగుల ననువునఁ బుచ్చంగ వచ్చు’ అనిపించాడు. ఒంట్లో విరిగిన బాణపు మొనను ఎలాగోలా తీయవచ్చు, మనసులో నాటుకున్న మాటను తీయలేమని ఆ పద్యం. ఆ మొన ఏ ఉద్దేశంతో వచ్చిందన్నది తగిలినవారికి ముందుగా కావలసిన సమాచారం కాదు. ఆవిడ అడిగితే చెప్పండి, ఒక్కసారి చెప్పండి.

నీగ్రో అనే పదం సంగతి. స్పానిష్, పోర్చుగీసు భాషల్లో దానికి అర్థం నలుపు, అంతే. అమెరికాలో 1960ల దాకా అది గౌరవంగానే చెల్లింది. మార్టిన్ లూథర్ కింగ్ 1963 నాటి ప్రసంగంలో తన ప్రజలను ఆ మాటతోనే పిలుచుకున్నాడు. మన పాత పుస్తకాల్లోకి అది అప్పుడే వచ్చింది. తర్వాత ఆ ప్రజలే దాన్ని వదిలేశారు. ఎవరి పేరో వాళ్లు మార్చుకున్నాక పాత పేరుతో పిలవడానికి నిఘంటువు అనుమతిపత్రం కాదు. నిఘంటువుల్లో కాపిరి కూడా ఉంది. అరబ్బీలో ‘అవిశ్వాసి’ అని మొదలై, వర్తకుల నోళ్లలో నలిగి, ఆఫ్రికావాళ్లకు పేరైంది. దక్షిణాఫ్రికాలో అది ఘోరమైన తిట్టు. అక్కడ ఆ మాట అన్నవాళ్లను కోర్టులు శిక్షించాయి కూడా. జుట్టు బాగుందని చెప్పాలనుకుంటే జుట్టు గురించే చెప్పండి. ‘ఉంగరాల జుట్టు’ అనే అందమైన మాట మనకు ఉండనే ఉంది.

ఇంతకీ ఏమనాలి? ‘నేనన్న మాట మిమ్మల్ని నొప్పించింది. అది అనకూడదు. ఇక అనను.’ ‘నేను నొప్పించాను’ అంటే ఇంకా సూటిగా ఉంటుంది, కానీ మొదటిదాన్ని తప్పుపట్టను. ‘క్షమించండి’ చేర్చవచ్చు, అయితే జవాబు కోసం ఎదురుచూడకండి, క్షమించడం ఆవిడ ఇష్టం. ‘ఎందుకు తప్పో వివరించండి’ అని అప్పటికప్పుడు ఆవిడను పాఠం చెప్పమనడం కూడా భారమే. అది మీరు చదివి తెలుసుకోవచ్చు.

రెండో సందేహానికి క్లుప్తంగా. వర్ణవివక్ష అనే మాట దక్షిణాఫ్రికాలో ఒకప్పటి తెల్లవారి పాలన గురించి రాసేటప్పుడు బాగా స్థిరపడింది. చర్మం రంగు ప్రసక్తి ఉన్నచోట అది చాలు. మనదగ్గర వర్ణానికి చాతుర్వర్ణ్యపు అర్థం కూడా ఉంది కాబట్టి తికమకకు వీలుంది. జాతి ఇంకా వదులు మాట. దేశం, కులం, పశుపక్ష్యాదుల రకం అన్నీ అందులో ఇమిడిపోతాయి. మనుషుల విషయంలో ‘జాతి’ అన్న అర్థంలో వాడే ‘రేస్’ అనే ఇంగ్లిషు మాటనే వదిలేయడం మేలని యునెస్కో 1950లో వెలువరించిన ప్రకటన చెప్పింది. అంతకంటే మంచి తెలుగు మాట స్థిరపడేదాకా మీ సందర్భానికి జాతివివక్ష దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం, వేరుగా వాదించేవాళ్లూ ఉంటారు. ఆవిడతో మాట్లాడేటప్పుడు మాత్రం ఈ చర్చ తీసుకురాకండి.