మైకు ఆపడం మరిచిపోయాను, క్లాసే మానేశాను

ప్రశ్న: నా వయసు 67. ఎర్రగుంట్ల ప్రాంతంలో తపాలా శాఖలో మెయిల్ ఓవర్‌సీర్‌గా పనిచేసి రిటైరయ్యాను. రెండేళ్ళ కిందట మా ఆవిడ పోయింది. అప్పటినుంచి హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నాను. కొడుకూ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్తులే. మనవడు మూడో తరగతి. రెండు పడక గదుల ఫ్లాటు, నేనూ మనవడూ ఒక గదిలో పడుకుంటాం. ఏడాదిగా ఫోన్లో శాసనాలు చదవడం నేర్చుకుంటున్నాను. రిటైరైన లెక్చరరు ఒకాయన ఉచితంగా చెబుతారు. మంగళ, గురు, శనివారాల్లో రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా క్లాసు, నలభై మంది దాకా ఉంటాం. ఉద్యోగంలో ఉన్నప్పుడు కలమళ్ళకు ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అక్కడి గుడిలో తెలుగులో మొట్టమొదటి శాసనం దొరికిందని ఈ క్లాసులోనే తెలిసింది. ఇది కాక సంస్కృతం క్లాసులో చేరాను. ఆదివారం ఖగోళశాస్త్రం ప్రసంగాలు వింటాను. నాలుగోది 15 వేలు కట్టిన సర్టిఫికెట్ కోర్సు. 'సీట్లు అయిపోతున్నాయి' అంటే కట్టేశాను, ఒక్క పాఠం కూడా చూడలేదు. కొడుక్కి చెప్పలేదు.

నెల కిందట క్లాసు మధ్యలో కోడలు హాల్లోకి వచ్చి, 'మామయ్యా, ఆ సౌండు తగ్గించండి, బాబు చదువుకోవాలా వద్దా? ఈ వయసులో ఇవన్నీ మీకెందుకు?' అంది. నా మైకు ఆన్‌లో ఉంది. అందరూ విన్నారు. ఆ రోజునుంచి క్లాసుకు వెళ్ళడం లేదు. సారు 'ఒంట్లో బాగుందా?' అని మెసేజ్ పెట్టారు, జవాబివ్వలేదు. టీవీ సౌండు ఎక్కువ పెడతాననీ, ఫోన్లో అరిచి మాట్లాడతాననీ కూడా ఇంట్లో గొడవే. మా ఆవిడ ఉంటే ఇవన్నీ చూసి నవ్వేది. ఇక చాలించుకోమంటారా? (హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ముందు సారుకి జవాబివ్వండి. ఈ ఉత్తరం చదవడం ఆపి అయినా సరే. 'ఇంట్లో పని పడిందండీ, మంగళవారం వస్తాను' అని ఒక్క ముక్క. వివరణలేమీ అక్కర్లేదు. నలభై మంది ఇళ్ళు ఒకచోట కలిసే క్లాసులో కుక్కర్ కూతలు వినిపిస్తాయి, కుక్కలు మొరుగుతాయి, ఎవరో ఒకరు బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి 'మోటారు కట్టేయ్!' అని కేకేస్తారు. ఆ రోజు మీ కోడలి మాట విన్నవాళ్ళలో సగం మంది తమ ఇంట్లో ఆ మాట ఎవరంటారో తలచుకుని ఉంటారు. మిగతా సగం ఆ రోజే మరిచిపోయి ఉంటారు. నెల రోజులుగా దాన్ని మోస్తున్నది మీరొక్కరే.

ఇక కోడలి సంగతి. ఆమె రెండు మాటలంది. సౌండు తగ్గించమన్నది మొదటిది, ఈ వయసులో ఎందుకన్నది రెండోది. మీరు రెండోదాన్ని పట్టుకుని మొదటిదాన్ని వదిలేశారు. నేను మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. క్లాసు సౌండు, టీవీ సౌండు, ఫోన్లో అరుపు. మూడు ఫిర్యాదులున్నాయి, మూడూ ఒకటే. పెద్దాయనా, మీకు చెవులు సరిగ్గా వినిపించడం లేదేమో.

కోపం తెచ్చుకోకండి. వయసుతో వచ్చే వినికిడి లోపం ఒక్కసారిగా రాదు, మొత్తం రాదు. ముందు సన్నని శబ్దాల దగ్గర మొదలవుతుంది. అచ్చులు బాగానే వినిపిస్తాయి, స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. హల్లు లేకపోతే మాట ఏమవుతుందో శాసనాల్లో అరిగిపోయిన అక్షరాలు చూసే మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే ఈ స్థితిలో ఉన్నవాళ్ళెవరూ 'నాకు వినిపించడం లేదు' అనరు. 'వినిపిస్తోంది గానీ ఆయన ఏదో గొణుగుతున్నాడు' అంటారు. ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ మరీ ఇబ్బంది పెడతాయి. మీ ఇంట్లో కోడలు నాలుగోసారి గొంతు పెంచి చెప్పాల్సి వస్తోందంటే, అందులో కోపం ఎంత, మీకు వినిపించాలన్న తాపత్రయం ఎంత అన్నది మీకు తెలియకపోవచ్చు.

ఈ వారమే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళి ఆడియోమెట్రీ చేయించుకోండి. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చిన్న చిన్న శబ్దాలు వినిపిస్తూ, వినిపించినప్పుడు చెయ్యెత్తమనో బటన్ నొక్కమనో అంటారు. నొప్పేమీ ఉండదు. ఒక్కోసారి చెవి నిండా గుబిలి పేరుకుపోయి ఉంటుంది, అది తీసేస్తే సగం గొడవ అక్కడే తీరుతుంది. మెషిన్ పెట్టుకోవాలంటే పెట్టుకోండి. దగ్గరివి కనిపించకపోతే నలభైల్లోనే కళ్ళజోడు పెట్టుకుని ఉంటారు కదా, అప్పుడు పరువు పోయిందనుకోలేదుగా! ఈలోగా రెండు చెవులూ కప్పే హెడ్‌ఫోన్ ఒకటి కొనుక్కోండి. సౌండు మాత్రం పూర్తిగా పెంచేయకండి, ఉన్న వినికిడి కూడా దెబ్బతింటుంది. సారు పాఠం రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటే, వేగం ముప్పావు వంతుకు తగ్గించుకుని పగలు ఇంకోసారి వినండి.

'ఈ వయసులో' అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఆ మాట నేను కోడళ్ళ నోట విన్నది తక్కువ. పెద్దవాళ్ళు తమ గురించి తామే అనుకోగా విన్నది ఎక్కువ. మీ మనసులో అది ముందే లేకపోతే ఆ రోజు అంతగా గుచ్చుకునేది కాదు. కోడలు అన్నది తప్పు కాదని నేననను. అంతమంది ముందు అనడం ఆమె ఉద్దేశం కాదు, కానీ అన్నది నొప్పించే మాటే. వీలు చూసుకుని, ఇద్దరే ఉన్నప్పుడు, 'అమ్మా, సౌండు విషయంలో నీదే న్యాయం. వయసు మాట మాత్రం నాకు కష్టమనిపించింది' అని చెప్పండి. రెండు వాక్యాలు చాలు. నిష్ఠూరాలు వద్దు, కొడుకుని మధ్యవర్తిగా పిలవకండి.

అసలు చిక్కు టైముది. రాత్రి ఏడు నుంచి ఎనిమిదిన్నర అంటే ఆ ఇంట్లో ఏమవుతుందో ఒకసారి ఆమె వైపునుంచి చూడండి. పొద్దుటినుంచి ఆఫీసు పని, వంట కాలేదు, పిల్లాడి హోంవర్కు కాలేదు, యూనిఫాం ఉతకలేదు. అప్పుడు హాల్లో దివాన్ మీద మీరు, ఫోన్ ఫుల్ సౌండు. మీకది చదువు. ఆమె కంటికి, సాయం చేయగలిగిన ఒక మనిషి ఫోన్ చూస్తూ కూర్చున్నాడు, అంతే. మీరు క్లాసు వేళల గురించి ఎప్పుడైనా వాళ్ళకు చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తమ కోసం ఏదైనా చేసుకునేటప్పుడు అడగడానికి మొహమాటపడి చాటుగా మొదలుపెడతారు. చాటుగా మొదలుపెట్టినదాన్ని ఇంట్లో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కాబట్టి కొడుకునీ కోడలినీ కూర్చోబెట్టి చెప్పండి. వారంలో మూడు రోజులు ఆ గంటన్నర నాది, గదిలో తలుపు వేసుకుని హెడ్‌ఫోన్ పెట్టుకుంటాను. ఆ మూడు రోజులూ బాబు హోంవర్కు క్లాసు మొదలయ్యే లోపే అయ్యేలా సాయంత్రం నేను కూర్చుంటాను. మిగతా రోజుల్లో ఏడింటికి వాడు నా దగ్గరే, తెలుగూ లెక్కలూ నేను చూస్తాను. ఇలా చెప్పి చూడండి. మీ పాత ఉద్యోగంలో సంచీ ఏ వేళకు ఎక్కడుండాలో చూసుకున్నవాళ్ళు మీరు, ఇంటికో టైంటేబుల్ వేయడం మీకు పెద్ద పనా?

ఇక 15 వేలు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. దాన్ని మోసమని నేననను, పాఠాలు ఉండే ఉంటాయి. కానీ సీట్లు అయిపోవడానికి అదేమీ బస్సు కాదు, ముందే రికార్డు చేసిన పాఠాలకు సీట్ల లెక్కేమిటి? తొందరపెట్టి డబ్బు కట్టించుకునేది ఎవరైనా సరే ఒకరోజు ఆగి కొడుకునో పక్కింటివాళ్ళనో అడగండి. వాపసు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి, ఇవ్వనంటే పోయిన డబ్బు పోయిందనుకోండి. అయితే, 'డబ్బు వాపసు ఇస్తాం, స్క్రీన్ షేర్ చేయండి, ఓటీపీ చెప్పండి' అని ఫోనొస్తే వెంటనే పెట్టేయండి. ఒకవేళ ఖాతాలోంచి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. కొడుక్కి మాత్రం ఇవాళే చెప్పండి. తిడతాడు. తిట్టనివ్వండి. రేపు స్టేట్‌మెంటులో అతనే చూస్తే, 'నాన్న ఆన్‌లైన్లో ఏం చేస్తున్నాడో' అన్న అనుమానం మీ శాసనాల క్లాసు మీదికి కూడా వస్తుంది.

అసలు మీకు సర్టిఫికెట్ ఎవరికి చూపించడానికి? చదువే కావాలంటే 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన స్వయం పోర్టల్ ఉంది. పాఠాలు వినడానికి రూపాయి కట్టక్కర్లేదు, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలనుకున్నవాళ్ళే ఫీజు కడతారు. చాలా పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయనుకోండి, అదొక ఇబ్బంది. ఇంట్లో కూర్చుని చదవడం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది హైదరాబాదులోనే, ఇప్పుడు దాన్ని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం.

నాలుగు క్లాసుల గురించి. మంగళ, గురు, శని శాసనాలు, ఆదివారం నక్షత్రాలు, మధ్యలో సంస్కృతం. వారంలో ఒక్క సాయంత్రం కూడా ఖాళీ లేకుండా చూసుకున్నారు. మీ ఆవిడ గురించి రాసింది రెండే వాక్యాలు, పోయిందని ఒకటి, ఉంటే నవ్వేదని ఇంకొకటి. ఆ సాయంత్రాలు ఎందుకు నింపుకుంటున్నారో నాకు అర్థమైంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఆమె లేని లోటు నాలుగు క్లాసులు పెట్టినా తీరదు, ఎనిమిది పెట్టినా తీరదు. ఆమె గురించి మాట్లాడుకోవడానికి ఒక మనిషి ఉండాలి. ఎర్రగుంట్లలో పాత స్నేహితులు ఎవరున్నా వారానికోసారి ఫోన్ చేయండి. అరిచి మాట్లాడినా వాళ్ళేమీ అనుకోరు.

క్లాసుల్లో ఒక్కటే ఉంచుకోండి, శాసనాలది. 2014లో అమెరికాలో డెనిస్ పార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం ఒక అధ్యయనం ప్రచురించింది. అరవై దాటినవాళ్ళలో కొందరికి డిజిటల్ ఫొటోలు తీయడం, కొందరికి బొంతలు కుట్టడం, కొందరికి రెండూ మూడు నెలల పాటు నేర్పారు, వారానికి సుమారు 15 గంటలు. ఇంకో గుంపు కలిసి కబుర్లూ ఆటలూ షికార్లతో గడిపింది. జ్ఞాపకశక్తి ఎక్కువ మెరుగుపడింది కొత్త పని కష్టపడి నేర్చుకున్నవాళ్ళకే. రుచి చూసి వదిలేసే ప్రసంగాలు వినడానికి బాగుంటాయి, నేనూ వింటాను, తెల్లారేసరికి మరిచిపోతాను. చేతికి పెన్సిలిచ్చి, తప్పు రాస్తే దిద్దే గురువు దొరకడం వేరు. మీకు దొరికాడు. సంస్కృతం వచ్చే ఏడాదికి వాయిదా వేయండి, ఎక్కడికీ పోదు.

పైగా ఇది మీది. కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతంది, రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. అందులో 'రేనాణ్డు ఏళన్' అని ఉంటుంది కదా, రేనాడును, అంటే మీ ఎర్రగుంట్ల వైపు సీమను, ఏలుతుండగా అని. 'ఏలడం' అన్న మాట ఇవాళ్టికీ మన నోట్లో ఉంది. ఆ దారిన మీరు ఉత్తరాల సంచీలు సరిచూస్తూ ఎన్నో ఏళ్ళు తిరిగారు, అక్కడే పద్నాలుగు వందల ఏళ్ళ పైబడిన రాత ఒకటి ఉందని తెలియకుండా. అది ఇప్పుడు చదవాలనిపిస్తే దానికి వయసుతో పనేమిటి?

ఇంకొక్కటి. ఉత్తరానికి మీరు మీ నోట్సు పేజీ ఒకటి జతచేశారు, బ్రాహ్మి అనే ప్రాచీన లిపి అక్షరాలు దిద్దినది. కూడిక గుర్తులా 'క', సున్నాలా 'ఠ', నిలువు గీతలా 'ర'. పేజీ చివర చిన్న చేతిరాతతో ఎవరో, 'తాతా, ఇవి లెక్కలా?' అని రాశారు. దాని సంగతి మీరు ఉత్తరంలో ఎక్కడా చెప్పలేదు. ఇంట్లో మీ చదువును తొంగిచూసిన మనిషి ఒకడున్నాడు, మీరు గమనించలేదు. మంగళవారం క్లాసుకు ముందు సౌండు ఎంతుండాలో కోడలినే పెట్టమనండి. మైకు బొమ్మ మీద అడ్డగీత పడిందో లేదో చూసే పని మనవడికి అప్పజెప్పండి. మెయిల్ ఓవర్‌సీరు గారి మనవడు, మైక్ ఓవర్‌సీరు.